ఐసోలేషన్ గదిలో పేషెంటు బాగోగులు: ఎవరు, ఎప్పుడు, ఏం చూడాలి?

#1 వార్డు_నియమావళి

అందరికీ నమస్కారం. జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రిలో ఐసోలేషన్ వార్డుకు రాతపూర్వక పద్ధతి తయారవుతోంది. నాలుగు సింగిల్ గదులు, ఆరు పడకల హాలు ఒకటి ఉన్నాయి. ఎక్కువగా వచ్చేవి కఫంలో క్రిమి పడిన టీబీ, మందులకు లొంగని టీబీ, ఆటలమ్మ, తట్టు. అప్పుడప్పుడు డిఫ్తీరియా (కంఠసర్పి) వస్తుంది. ఐసీయూ నుంచి దిగే ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ, సీఆర్‌ఈ (రెండూ మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిములు) కేసులు కూడా ఇక్కడికే.

గౌను, గ్లవ్స్, మాస్కు, చెత్త సంచుల రంగులు అన్నీ 2020 జనవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన జాతీయ మార్గదర్శకాలు చూసి రాసేశాం. లోపలున్న మనిషి తిన్నాడా, నిద్రపోయాడా, ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడాడా అన్న పేజీ మాత్రం ఖాళీగా ఉంది. "రోగికి ధైర్యం చెప్పవలెను" లాంటి వాక్యాలతో పని జరగదు. ఎవరు, ఎన్నింటికి, దేనితో చేయాలో చెప్పండి.

#2 గౌను_గ్లవ్స్ (ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు)

మంచి ప్రశ్న అడిగారండి. ముందు అటెండెంటు దగ్గర మొదలుపెట్టండి, ఎందుకంటే మన దగ్గర అసలు సమస్య అక్కడే పుడుతుంది.

మామూలు వార్డులో పేషెంటుకు అన్నం కలిపి పెట్టేది, నీళ్లు పట్టేది, బాత్‌రూమ్‌కి పట్టుకెళ్లేది, పక్క మీద తిప్పేది, సెలైన్ అయిపోవస్తుంటే సిస్టర్‌ని పిలిచేది, రౌండ్స్‌లో "రాత్రంతా దగ్గాడు సార్" అని చెప్పేది, అన్నీ ఇంటి మనిషే. నర్సుల సంఖ్య కూడా ఆ మనిషి పక్కనే ఉంటారన్న నమ్మకం మీదే నడుస్తోంది. ఐసోలేషన్ అనగానే ఆ మనిషిని బయటికి పంపేస్తాం. ఆ పనులు మాత్రం ఎవరి పేరునా రాయం. ఇక జరిగేది తెలిసిందే. సెలైన్ సీసా ఖాళీ అయి గొట్టంలోకి రక్తం ఎక్కుతుంది. భోజనం ప్లేటు గుమ్మం దగ్గర చల్లారుతుంది. ముసలాయన ఎవరినీ పిలవలేక ఒక్కడే బాత్‌రూమ్‌కి లేచి పడిపోతాడు.

కాబట్టి మీ కాగితంలో మొదటి పట్టికే ఇది అవ్వాలి. ఎడమ వైపు అటెండెంటు చేసే పనులు ఒక్కొక్కటి, కుడి వైపు ఈ షిఫ్టులో ఆ పని చేసే సిబ్బంది పేరు. పేరు లేని పని జరగదు.

ఇక లోపలికి వెళ్లడం. గౌను, గ్లవ్స్ వేసుకుని తీయడానికి ప్రతిసారీ కొన్ని నిమిషాలు పోతాయి, అందుకే సిబ్బంది వెళ్లడం తగ్గిస్తారు. వాళ్లను తిట్టి లాభం లేదు. ఒకసారి వెళ్తే అన్ని పనులూ అయిపోయేలా చేయండి. లోపలికి వెళ్లేముందు ట్రాలీలో మందులు, బీపీ, ఆక్సిమీటరు, తాగే నీళ్లు, భోజనం, ఉతికిన దుప్పటి పెట్టుకోవాలి. బీపీ మిషను, థర్మామీటరు, స్టెతస్కోపు ఆ గదికే కేటాయిస్తే సగం గొడవ పోతుంది. బయటికి వచ్చేముందు అడగాల్సినవి నాలుగు: నొప్పి ఉందా, దాహమా, బాత్‌రూమ్‌కి వెళ్లాలా, చేతికి అందాల్సినవి అందుతున్నాయా.

చేతికి అందాల్సినవి అంటే కాలింగ్ బెల్లు, నీళ్ల సీసా, ఫోను, కళ్లజోడు. బెల్లు వైరును గాజు గుడ్డతో పక్క రెయిలుకి కట్టండి. గోడకు ఉంటే లేనట్టే. నీళ్ల సీసా మూత నీరసంగా ఉన్నవాళ్లు తిప్పలేరు, స్ట్రా ఉన్నది ఇవ్వండి.

#3 జనరల్_మెడిసిన్

సిస్టర్ గారు చెప్పినదానికి ఆధారం కూడా ఉంది, నియమావళి ముందుమాటలో పెట్టుకోవచ్చు. 2003లో స్టెల్ఫాక్స్ బృందం టొరంటో, బోస్టన్ ఆసుపత్రుల్లో ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ కోసం విడిగా ఉంచిన రోగులను, అలాంటి జబ్బులే ఉండి విడిగా ఉంచని రోగులతో పోల్చింది. వైద్యంలో జరిగే హాని వెయ్యి రోగి-దినాలకు (ఒక రోగి ఒక రోజు ఉంటే ఒక రోగి-దినం) విడిగా ఉన్నవారిలో 31, మిగతావారిలో 15. తేడా ఎక్కువగా కనిపించింది పడిపోవడం, పడక పుళ్లు, ఒంట్లో నీరు-లవణాల తేడాల్లో. అంటే మందుల పొరపాటు కంటే చూసుకోవడంలో లోటు. డాక్టరు నోటు లేని రోజులు 26 శాతం, అవతలివాళ్లలో 13 శాతం. మరణాల్లో తేడా లేదు.

నేను అడిగేది ఒక్కటే. రౌండ్స్‌లో ఐసోలేషన్ గదిని చివర పెడతారు, అది ఇన్ఫెక్షన్ పరంగా సబబే. కానీ చివరకు వచ్చేసరికి ఓపిక అయిపోయి, గాజు తలుపు బయట నిలబడి "ఎలా ఉన్నారు?" అని చెయ్యి ఊపి వెళ్లిపోతారు. రోజుకొకసారి లోపలికి వెళ్లి స్టెతస్కోపు పెట్టి చూశారా అన్నది కేస్‌షీట్‌లో విడి గడిగా పెట్టండి.

#4 ఐసీయూ_రాత్రి_డ్యూటీ

@జనరల్_మెడిసిన్ సార్, ఆ ఒక్క అధ్యయనం పట్టుకుని ఐసోలేషనే హాని అనకూడదు. అమెరికాలో 20 ఐసీయూల్లో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2013లో వచ్చాయి. సగం ఐసీయూల్లో ప్రతి పేషెంటు దగ్గరికీ గౌను, గ్లవ్స్‌తోనే వెళ్లారు. సిబ్బంది గదిలోకి వెళ్లడం గంటకు సుమారు 5 సార్ల నుంచి 4కి తగ్గింది, కానీ హాని పెరగలేదు. బయటికి వచ్చేటప్పుడు చేతులు కడుక్కోవడం మెరుగైంది కూడా.

#5 జనరల్_మెడిసిన్

నిజమే, ఆ ఫలితం సరైనదే. కానీ అది ఐసీయూ. అక్కడ ఒకరిద్దరు పేషెంట్లకు ఒక నర్సు, మానిటరు, అలారం ఉంటాయి. నర్సు ఒక్కసారి తక్కువ వెళ్లినా మానిటరు చూస్తూనే ఉంటుంది. వార్డు మూల గదిలో మానిటరు లేదు, అటెండెంటు లేడు. పైగా అక్కడ అందరికీ ఒకే పద్ధతి, ఏ ఒక్కరినీ వేరు చేయలేదు. మన ప్రశ్న వేరుచేసిన మనిషి గురించి. మీరు చెప్పినదాన్ని నేను ఇలా చదువుతాను: గౌను హాని చేయదు, చూపు తగ్గడం హాని చేస్తుంది. అంటే సిబ్బందిని సరిగ్గా పెడితే ఈ నష్టాన్ని ఆపవచ్చు.

#6 ఐసీయూ_రాత్రి_డ్యూటీ

అలా అయితే ఒప్పుకుంటాను.

#7 ఊపిరితిత్తుల_వార్డు

పేషెంటు మనసు కుంగేది గది వల్ల కంటే "ఎప్పటిదాకా" అన్నది తెలియకపోవడం వల్ల. అందుకే మొదటి రోజే ముగింపు షరతును కాగితం మీద రాసి ఇవ్వాలి. "తగ్గాక పంపిస్తాం" అని చెబితే అది జవాబు కాదు. సాధారణంగా వాడే షరతులు ఇవి, మీ ఇన్ఫెక్షన్ కమిటీతో సరిచూసుకోండి.

తట్టు: దద్దురు వచ్చాక 4 రోజులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో ఇంకా ఎక్కువ. ఆటలమ్మ: పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా. గవదబిళ్లలు: వాపు మొదలైన 5 రోజులు. మెనింగోకాకల్ మెదడు పొరల వాపు: సరైన యాంటీబయాటిక్ మొదలుపెట్టిన 24 గంటలు. డిఫ్తీరియా: మందుల కోర్సు అయ్యాక 24 గంటల తేడాతో తీసిన రెండు కల్చర్లు (క్రిమిని పెంచి చూసే పరీక్షలు) నెగిటివ్ రావాలి. క్లోస్ట్రిడియం డిఫిసిల్ (విరేచనాలు తెచ్చే పేగు క్రిమి): విరేచనాలు ఆగాక కనీసం 48 గంటలు.

ఆసుపత్రిలో టీబీకి పాత పద్ధతి రెండు వారాల సరైన మందు, ఒంట్లో మెరుగు, వరుసగా మూడు కఫం పరీక్షలు నెగిటివ్. ఇక్కడ ఒక మాట చెప్పాలి. పనిచేసే మందు పడ్డాక అంటించే గుణం చాలా త్వరగా పడిపోతుంది. ఇంట్లో ఉండి వైద్యం తీసుకోగల పేషెంటును కేవలం భయంతో వారాల తరబడి గదిలో ఉంచడం తప్పు. మందు పనిచేస్తోందా అన్నదే అసలు ప్రశ్న కాబట్టి, టీబీ ముఖ్య మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందా అని చూసే నిరోధకత పరీక్ష ఫలితం మొదటి రోజుల్లోనే తెప్పించుకోవాలి. శాంపిల్ వెళ్లిన తేదీ, ఫలితం రావాల్సిన తేదీ రెండూ పడక చార్టు మీద ఉంటే ల్యాబు ఆలస్యం పేషెంటు శిక్షగా మారదు.

ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ విషయంలో చాలా ఆసుపత్రులు విడి గది పద్ధతినే సడలించాయి, పుండు కారుతున్నవాళ్లకూ, అదుపు లేని విరేచనాలు ఉన్నవాళ్లకూ పరిమితం చేస్తున్నాయి. హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో ఎవరినీ విడిగా పెట్టకూడదు. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం వివక్షను నిషేధించింది. అసలు వైద్యపరంగానే దానికి అవసరం లేదు.

#8 తలుపు_బోర్డు

దీనికి కలిపి ఒకటి. తలుపు మీద జబ్బు పేరు రాయకండి. "టీబీ", "ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ" అని ఎర్ర సిరాతో పెద్దక్షరాలు రాసి అంటించడం చూస్తుంటాం. సిబ్బందికి కావాల్సింది ఏం వేసుకోవాలన్నదే. రంగు కార్డు, మాస్కు-గౌను-గ్లవ్స్ బొమ్మలు, "లోపలికి వచ్చేముందు సిస్టర్‌ని అడగండి" చాలు. ఊరివాళ్లు చూడ్డానికి వచ్చి బోర్డు చదివితే, డిశ్చార్జి అయ్యాక ఆ పేషెంటుకు అద్దె ఇల్లు పోతుంది, పెళ్లి సంబంధం పోతుంది.

#9 గాలి_లెక్కలు (ఆసుపత్రి ఇంజనీరు)

గది గురించి రాస్తాను. గాలి సరిగ్గా లేకపోతే సిబ్బందికి భయం, భయపడ్డ సిబ్బంది లోపలికి వెళ్లరు. కాబట్టి ఇది కూడా పేషెంటు బాగోగుల్లో భాగమే.

గాలి ద్వారా సోకే జబ్బులకు కొత్త గదిలో గంటకు 12 సార్లు, పాత గదిలో కనీసం 6 సార్లు గాలి మారాలి. వరండాతో పోలిస్తే లోపల ఒత్తిడి 2.5 పాస్కల్ తక్కువ ఉండాలి. 4 మీటర్లు × 3 మీటర్లు × 3 మీటర్ల ఎత్తు గది అంటే 36 ఘనపు మీటర్లు. 12 సార్లకు గంటకు 432 ఘనపు మీటర్లు బయటికి లాగే ఫ్యాను కావాలి. ఫ్యాను డబ్బా మీద రాసిన సామర్థ్యం డక్టు, జాలీ తగిలాక రాదు, కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోండి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరుస్తుంది, గాలి మార్చదు. "ఏసీ ఉంది కదా" అని ఎగ్జాస్టు ఆపేస్తే అదే గాలి అక్కడే తిరుగుతుంది.

రోజూ చేయాల్సిన పరీక్ష: తలుపు మూసి, కింద సందు దగ్గర టిష్యూ పేపరు పేలిక పట్టుకోండి. లోపలికి లాగాలి. బయటికి ఎగిరితే గది పని చేయట్లేదు. పేషెంటు వెళ్లిపోయాక 12 మార్పుల గదిలో 99 శాతం గాలి శుభ్రపడటానికి 23 నిమిషాలు, 6 మార్పుల గదిలో 46 నిమిషాలు పడుతుంది. అంతదాకా మాస్కు లేకుండా ఊడ్చడానికి ఎవరినీ పంపవద్దు.

ఇప్పుడు ఎక్కువమంది మరిచిపోయేది: చప్పుడు. ఎగ్జాస్టు ఫ్యాను గోడకు బిగించినప్పుడు రబ్బరు వాషర్లు, డక్టు మధ్యలో మెత్తటి గుడ్డ జాయింటు పెట్టకపోతే రాత్రంతా గోడ మోగుతుంది. పేషెంటు నిద్రపట్టక స్విచ్చి ఆపేస్తాడు. అప్పుడు లోపలి తక్కువ ఒత్తిడి (నెగిటివ్ ప్రెషరు) కూడా పోతుంది, ఆ తప్పూ అతని మీదే వేస్తారు. స్విచ్చి బయట పెట్టండి, చప్పుడు లోపలికి రాకుండా చూడండి. కిటికీ అద్దానికి రంగు స్టిక్కర్లు, పాత పేపర్లు అంటించవద్దు. అద్దం మూసి ఉండాలి, వెలుగు మాత్రం రావాలి. పడకను కిటికీ కనిపించేలా తిప్పితే పగలు-రాత్రి తేడా తెలుస్తుంది.

ఆరు పడకల హాలులో ఇంత యంత్రాంగం సాధ్యం కాదు కాబట్టి ఎదురెదురు కిటికీలే మార్గం. గాలి ద్వారా సోకే జబ్బు ఉన్నచోట సహజ గాలికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పిన లెక్క ఒక్కో పేషెంటుకు సెకనుకు 160 లీటర్లు, మామూలు వార్డుకు 60. ఇది తెరిచిన కిటికీలతో వస్తుంది, మూస్తే రాదు. రాత్రి చలికి, దోమలకు పేషెంట్లే మూసేస్తారు. కిటికీకి దోమల జాలీ బిగిస్తే గాలి తగ్గుతుంది. ప్రతి పడకకు దోమతెర, అదనంగా ఒక కంబళి ఇవ్వండి. కిటికీలు తెరిచి ఉంటాయి.

#10 వార్డు_నియమావళి

దోమతెర సంగతి మాకు అసలు తట్టలేదు. రాసుకున్నాం. ఫోను గురించి ఎవరైనా చెప్పండి. మా దగ్గర సగం మంది "ఫోను లోపలికి వద్దు, అంటు మోసుకొస్తుంది" అంటున్నారు.

#11 గౌను_గ్లవ్స్

ఫోను తీసేయడం లాంటి కఠిన శిక్ష ఇంకొకటి లేదు. టీబీ ఫోను మీద నుంచి సోకదు. తాకడం వల్ల సోకే కాంటాక్టు జబ్బుల్లో ఫోను మురికి వస్తువే, కానీ శుభ్రం చేయగల వస్తువు.

జిప్ ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇవ్వండి, టచ్ దాని మీద నుంచే పనిచేస్తుంది. రోజూ ఉదయం కవరును 70 శాతం ఆల్కహాలు గుడ్డతో తుడిచి, చిరిగితే మార్చండి. ఫోను మీద ద్రావకం స్ప్రే చేయవద్దు, గుడ్డకు పోసి తుడవాలి. డిఫిసిల్ కేసులో ఆల్కహాలు ఆ క్రిమి బీజాలను చంపదు. కవరు రోజూ మార్చండి, చేతులు సబ్బు-నీళ్లతోనే కడగాలి. ఛార్జరు తీగ కనీసం 2 మీటర్లు ఉండాలి, లేకపోతే గోడ దగ్గరికి వంగి పడకలోంచి జారతారు. ఒక ఛార్జరు, ఒక సాధారణ ఫోను వార్డు తరఫున ఉంచుకోండి, ఫోను లేని ముసలివాళ్లకు అదే దిక్కు. ఇంటివాళ్లకు ఫోను చేసే వేళ రాసి పెట్టండి, సాయంత్రం 5 నుంచి 6 అనుకోండి. వార్డు ఆయా నంబరు కలిపి చేతికివ్వాలి. హాలులో వీడియో కాల్ అయితే పక్కవాళ్లు తెరలో పడకుండా తెర లాగండి.

అన్నట్టు, 0.1 శాతం బ్లీచింగ్ ద్రావణం ఎవరో అడుగుతారు కాబట్టి: 5 శాతం హైపోక్లోరైట్ 20 మి.లీ.లో 980 మి.లీ. నీళ్లు. ఏ రోజుది ఆ రోజే కలపండి. ఎండలో పెట్టిన డబ్బా బలం పోతుంది. బాత్‌రూమ్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు. పేషెంటు లోపల ఉండగా గాఢంగా కలిపి తుడిస్తే దగ్గు ఎక్కువవుతుంది, తడి నేల మీద జారిపడతారు. ఆరేదాకా "లేవకండి" అని చెప్పి, ఆరాక వచ్చి చెప్పాలి.

#12 మనసు_వైద్యం (సైకియాట్రీ)

ఇక్కడిదాకా వచ్చినవన్నీ నేను రాసే మాత్రల కంటే మేలు చేస్తాయి. నా వంతు రెండు విషయాలు.

మొదటిది, గుర్తుపట్టడం. చేరిన మూడో రోజు, తర్వాత వారానికొకసారి పీహెచ్‌క్యూ-9 (దిగులును కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక) తెలుగులో అడగండి. మొత్తం 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మాకు కబురు పెట్టండి. కానీ టీబీ పేషెంటులో ఆకలి లేకపోవడం, నిద్ర లేకపోవడం, నీరసం జబ్బు వల్లే ఉంటాయి. అంకె చూసి భయపడకుండా నాలుగు ప్రశ్నలు విడిగా చూడండి: ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, "నేను ఎందుకూ పనికిరాను" అన్న భావన, చనిపోవాలన్న ఆలోచన. చివరిదానికి సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా అదే రోజు చూడాలి. ఆ పేషెంటును మూల గదిలో ఒంటరిగా ఉంచకూడదు, నర్సింగ్ స్టేషనుకు ఎదురు గదికి మార్చండి. పేషెంటుకు, బయట వరండాలో కూర్చున్న ఇంటివాళ్లకు కూడా ప్రభుత్వ మానసిక సహాయ ఫోను టెలీ-మానస్ 14416 నంబరు ఇవ్వండి, తెలుగులో మాట్లాడతారు.

అరవై దాటినవాళ్లు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే, పగలు మగతగా ఉండి రాత్రి లేచి సెలైన్ పీకేస్తే, అది దిగులు కాదు, డెలీరియం. ఆక్సిజన్, షుగరు, సోడియం, మూత్రం ఆగిపోవడం, మలబద్ధకం ముందు చూడండి. తర్వాత కళ్లజోడు, వినికిడి యంత్రం, గోడ గడియారం, పెద్ద అంకెల క్యాలెండరు. మాస్కుల వల్ల పెదాలు కనిపించక, చెవుడు ఉన్నవాళ్లకు మనం చెప్పేది ఒక్క ముక్కా చేరదు. పలక మీద రాసి చూపించండి. అందరూ ఒకేలా కనిపించే గౌనుల మీద పేరు పెద్దగా రాసుకోండి, "నేను సిస్టర్ ఫలానా" అని ప్రతిసారీ చెప్పండి. డెలీరియం ఉన్నవాళ్లకు ఇంటి మనిషి ఒకరిని జాగ్రత్తలు నేర్పి లోపల ఉంచడమే మంచి వైద్యం. చేతులు కట్టేయడం తికమకను పెంచుతుంది.

రెండోది, మందుల వల్లే వచ్చే మార్పులు. ఊపిరితిత్తుల డాక్టరు గారు ఉన్నారు కాబట్టి ఆయనే రాస్తే బాగుంటుంది.

#13 ఊపిరితిత్తుల_వార్డు

తప్పకుండా. ఇది అందరూ తెలుసుకోవాల్సిన విషయం.

మందులకు లొంగని టీబీకి ఇచ్చే సైక్లోసెరిన్ వాడేవాళ్లలో దిగులు, చిరాకు, అనుమానాలు, మూర్ఛ రావచ్చు. "ఒంటరిగా ఉన్నాడు కదా, అందుకే" అని తోసేయకండి. దానితో పిరిడాక్సిన్ (విటమిన్ బి6) తప్పనిసరి. మూత్రపిండాలు మందగిస్తే మందు ఒంట్లో పేరుకుంటుంది. మామూలు టీబీ మందు ఐసోనియాజిడ్‌తోనూ అరుదుగా మతి చలిస్తుంది. స్టెరాయిడ్లతో నిద్ర పోతుంది, ఉద్రేకం పెరుగుతుంది. అవి ఉదయం పూటే ఇవ్వండి.

లినెజోలిడ్ (ఇదీ లొంగని టీబీ మందే) మీద ఉన్న పేషెంటుకు దిగులు మందులు, అంటే ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు మొదలుపెడితే సెరొటోనిన్ సిండ్రోమ్ రావచ్చు: వణుకు, చెమటలు, జ్వరం, కండరాలు ఎగరడం. జ్వరం చూసి టీబీ ముదిరిందనుకుంటారు. బెడాక్విలిన్, మాక్సిఫ్లాక్సాసిన్, క్లోఫాజిమిన్ అనే టీబీ మందులు మూడూ ఈసీజీలో క్యూటీని (గుండె ఒక్కో కొట్టుకు తేరుకునే సమయం) పొడిగిస్తాయి. వాటి మీద హాలోపెరిడాల్, ఎస్సిటలోప్రామ్ లాంటి మనసు మందులు కలిపేముందు ఈసీజీ చూడాలి. క్యూటీసీ (గుండె వేగానికి సరిచేసిన క్యూటీ) 500 మిల్లీసెకన్లు దాటితే ఆగాలి. రిఫాంపిసిన్, క్వెటియాపిన్ లాంటి మనసు మందుల బలాన్ని బాగా తగ్గించేస్తుంది, కాబట్టి "మందు వేసినా నిద్ర లేదు" అన్నది నిజమే కావచ్చు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్లకు నిద్ర కోసం డయాజెపామ్ లాంటివి రాయకండి, శ్వాస మందగిస్తుంది.

రంగుల సంగతి ముందే చెప్పండి. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులోకి వస్తుంది. క్లోఫాజిమిన్‌తో ఒళ్లు నల్లబడుతుంది, మందు ఆపాక నెమ్మదిగా, నెలల మీద తగ్గుతుంది. ముందు చెప్పకపోతే అద్దంలో చూసుకుని, ముఖ్యంగా పెళ్లికాని ఆడపిల్లలు, మందు మానేస్తారు. లినెజోలిడ్ వాడేవాళ్లు ఫోను చూడటం, పేపరు చదవడం మానేస్తే విసుగు అనుకోకండి, కంటి నరం పరీక్ష చేయించండి. రంగుల చుక్కల చార్టు వార్డులోనే ఉంచితే నెలకొకసారి రెండు నిమిషాల పని.

#14 నడక_కసరత్తు (ఫిజియో)

గదిలో పడుకున్నవాళ్ల తొడ కండరాలు రోజుల్లోనే కరుగుతాయి. తలుపు దాటకుండా చేయించగలిగేవి: పడుకుని మడమలు పైకీ కిందికీ ఆడించడం, మెలకువగా ఉన్న ప్రతి గంటకు పదిసార్లు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం 5 సార్లు, రోజుకు మూడు విడతలు. గదిలో అటూ ఇటూ నడక, 3 మీటర్ల గదిలో 17 సార్లు అటూ ఇటూ తిరిగితే 100 మీటర్లు దాటుతుంది. ఆక్సిజన్ 90 కంటే తగ్గినా, కళ్లు తిరిగినా ఆపాలి. కఫంలో రక్తం పడుతుంటే కసరత్తు వద్దు. కాళ్లకు గ్రిప్ ఉన్న చెప్పులు, సెలైన్ స్టాండుకు తిరిగే చక్రాలు చూడండి. లేవలేనివాళ్లను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం ఇందాకటి పట్టికలో రాయాలి.

పడిపోవడం ఎక్కువ బాత్‌రూమ్ దారిలోనే. బెల్లు కోసం ఎదురుచూడకుండా, పగలు రెండు మూడు గంటలకొకసారి మనమే అడిగి తీసుకెళ్లడం మేలు.

#15 పథ్యం_పప్పు (డైటీషియన్)

ఇంటి భోజనం ఆపవద్దు. క్యారియరు లోపలికి వెళ్లనక్కర్లేదు. గుమ్మం బయట గిన్నెలోంచి వార్డు ప్లేటులోకి వడ్డించి, ప్లేటు లోపలికి ఇవ్వండి. క్యారియరు ఇంటికి వెళ్తుంది. వాడి పారేసే విస్తరాకులు, కాగితం ప్లేట్లు అవసరం లేదు. స్టీలు కంచం వేడినీళ్లతో, సబ్బు పొడితో కడిగితే చాలు. అందరికీ స్టీలు కంచం పెట్టి ఒక్కరికే కాగితం ప్లేటు ఇస్తే ఆ అన్నం గొంతు దిగదు.

దగ్గు, వికారం ఉన్నవాళ్లు పెద్ద కంచం చూసి వదిలేస్తారు. ఆరుసార్లు చిన్నగా పెట్టండి: ఇడ్లీ, గుడ్డు, రాగి జావ, పల్లీ పట్టీ, మజ్జిగ, పెరుగన్నం. పడక పక్కన పల్లీ పట్టీ డబ్బా ఉంటే రాత్రి ఆకలికి ఎవరినీ పిలవక్కర్లేదు. ఎంత తిన్నారో ప్లేటు వెనక్కి వచ్చేటప్పుడు రాయండి: మొత్తం, సగం, పావు. టీబీ పేషెంట్లకు తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ సొమ్ము 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు. బ్యాంకు ఖాతా వివరాలు ఆసుపత్రిలో ఉండగానే ఎక్కించండి.

#16 ఎముక_మజ్జ_వార్డు

ఒక హెచ్చరిక. ఎముక మజ్జ మార్పిడి పేషెంట్ల గది దీనికి తలకిందులు. అక్కడ గాలి ఒత్తిడి బయటికి తోయాలి, సన్నటి క్రిములను కూడా ఆపే హెపా ఫిల్టరు ఉండాలి. పేషెంటు నుంచి మనకు కాదు, మన నుంచి అతనికి ప్రమాదం. పూలదండలు, కుండీలు, కోసిన పండ్ల ప్రసాదం వద్దు. లామినేట్ చేసిన దేవుడి పటం అయితే తుడిచి ఇవ్వవచ్చు. రెండు రకాల గదులకు ఒకే నియమావళి రాసి గందరగోళం చేయవద్దు.

#17 పిల్లల_వార్డు_సిస్టర్

పిల్లల సంగతి ఎవరూ రాయలేదు. బిడ్డను విడిగా పెట్టి తల్లిని బయట ఉంచడం ఏ జబ్బులోనూ మొదటి ఆలోచన కాకూడదు. తట్టు, ఆటలమ్మ అయితే అవి ఇదివరకు వచ్చిన, లేదా టీకా పడ్డ పెద్దవాళ్లు ఒకరు లోపలే ఉండాలి. తల్లి గర్భవతి అయి, ఆటలమ్మ రాకుంటే, నాన్నో అమ్మమ్మో ఉండాలి. డిఫ్తీరియా బిడ్డ దగ్గరున్న వాళ్లకు టీకా, నివారణ యాంటీబయాటిక్ చూడండి. ఈ బిడ్డ గుండె లయ తప్పవచ్చు కాబట్టి ఆటల పేరుతో పరుగెత్తించవద్దు, కూర్చుని ఆడేవే ఇవ్వండి.

బొమ్మలు ప్లాస్టిక్‌వి, సబ్బుతో కడగగలిగేవి. బొచ్చు బొమ్మ ఇంటి నుంచి వస్తే ఆ బిడ్డకే ఉంచి, వెళ్లేటప్పుడు ఉతికి ఇచ్చేయండి. క్రేయాన్లు ఆ బిడ్డతోనే పోవాలి. కొత్తగా వచ్చే సిబ్బంది ముందు గాజు తలుపు బయట మాస్కు తీసి ముఖం చూపించి, తర్వాత వేసుకుని లోపలికి రావాలి. సూది మందు ఇచ్చేవాళ్లు, ఆడించేవాళ్లు ఒక్కరే అయితే గౌను చూస్తేనే ఏడుపు. రోజుకొకసారైనా సూది లేకుండా లోపలికి వెళ్లండి.

#18 వార్డు_నియమావళి

చివరి ప్రశ్న. చూడ్డానికి వచ్చేవాళ్లను ఎంతవరకు రానివ్వాలి? ఆఖరి దశలో ఉన్నవాళ్ల సంగతి?

#19 గౌను_గ్లవ్స్

"ఎవరూ రాకూడదు" అన్న బోర్డు తీసేయండి. ఒకసారికి ఒకరు, 15 నుంచి 30 నిమిషాలు, రాకముందు చేతులు, వెళ్లేటప్పుడు చేతులు. టీబీకి వచ్చేవాళ్లకు ఎన్95, ముక్కు మీద వంచి గాలి కారకుండా సిస్టర్ చూసి పంపాలి. పేషెంటు గది దాటితే మామూలు సర్జికల్ మాస్కు, ఎన్95 వద్దు, దానితో అతనికే ఊపిరాడదు. చిన్నపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు కిటికీ బయటి నుంచి మాట్లాడవచ్చు. నడవగల టీబీ పేషెంటును మాస్కుతో రోజుకొకసారి ఆరుబయట చెట్టు కింద కూర్చోబెట్టవచ్చు, అది గదికంటే సురక్షితం.

ఆఖరి దశలో సమయం కొలవకండి. ఇంటివాళ్లలో ఇద్దరికి గౌను, మాస్కు తొడిగి, ఎలా తీయాలో చూపించి, పక్కన కూర్చోనివ్వండి. చెయ్యి పట్టుకోనివ్వండి. నోట్లో తులసి నీళ్లు పోయాలన్నా, జమ్‌జమ్ నీళ్లు తాగించాలన్నా, ప్రార్థన చదవాలన్నా ఏదీ ఇన్ఫెక్షన్ నియమాలకు అడ్డం కాదు. మింగలేకపోతే పెదాలు తడపండి. రాలేని బంధువులకు ఆ ఫోను కవరులోంచే వినిపించండి. ఈ అనుమతి ఇచ్చే అధికారం రాత్రి డ్యూటీ డాక్టరుకే ఉండేలా రాయండి, సూపరింటెండెంటు సంతకం కోసం తెల్లవారేదాకా ఆగకుండా.

#20 తలుపు_బోర్డు

డిశ్చార్జి కాగితం కూడా ఈ పద్ధతిలోనే పెట్టండి. ఇంటికెళ్లాక ఏం అవసరం, ఏం అవసరం లేదు అని రెండు వరుసలు, తెలుగులో. ఉదాహరణకు ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ మోస్తున్నవాళ్లకు: పుండుకు కట్టు, చేతులు కడగడం, తువ్వాలు విడిగా అవసరం. విడి గది, విడి కంచం అవసరం లేదు, మనవణ్ని ఎత్తుకోవచ్చు. టీబీకి: మందు మానకూడదు, కిటికీలు తెరిచి ఉంచాలి, ఇంట్లో అందరికీ, ముఖ్యంగా ఐదేళ్లలోపు పిల్లలకు, పరీక్ష చేయించాలి. గిన్నెలు, బట్టలు వేరు పెట్టనక్కర్లేదు. ఏ తేదీ నుంచి పనికి వెళ్లవచ్చో డాక్టరు సంతకంతో రాయాలి, జబ్బు పేరు లేకుండా. ఆ ముక్క యజమానికి చూపించడానికి విడి కాగితం మీద ఉండాలి.